బొమ్మ జంతువులు - వాని మేలుకీళ్లు

ఎద్దును కొనుటకు అంగడికి పోయినపుడు మనము ఏమి చేయుదుము? నోరు తెరిపించి పండ్లు లెక్కింతుము. గిట్టలెత్తి చూతుము. మూపురము తడవి, సుడులు పరీక్షించి, నాలుగడుగులు నడిపించి కుంటు కలదేమో కనిపెట్టుదుము. అప్పటికిని సందేహము తీరనిచో తెలిసిన పెద్దమనిషి నొకనిని పిలిచి అడుగుదుము. అదే మనుమనికొక బొమ్మయెద్దును కొనునపుడో, రంగు చూచి, ధర అడిగి, సగమునకు బేరమాడి, సంచిలో వేసికొని వచ్చుచున్నాము. బొమ్మయెద్దునకును పండ్లు, గిట్టలు, నడక కలవని చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

నేను గోదావరిఖని బొగ్గుగనులలో మైనింగు సర్దారుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. సర్దారు పని యేమనగా, పనివారు బొగ్గు తీయు చోటికి పోకముందే తాను పోయి, దీపమెత్తి గని కప్పును చూచి, ఇనుపకడ్డీతో తట్టి, ఆ చప్పుడు నాలకించుట. గట్టి కప్పు ఖణిల్లుమనును. లోపల పొర విడిన కప్పు డోలువలె బోలుగా మ్రోగును. పైకి రెండును ఒక్కతీరుననే కనబడును. కంటిని నమ్మి చెవిని మరచినవాడు ఆ గనినుండి తిరిగి రాకపోవచ్చును. ఈ యలవాటు చేతికి పట్టుపడిన తరువాత నేను దేనినైనను తట్టి చూడక కొనలేకపోతిని. కుండను తట్టితిని, తలుపును తట్టితిని, తుదకు బొమ్మలను సైతము తట్టితిని. ఇప్పుడు మా యింట నాలుగు అరల నిండుగా ఏనుగులు, ఎడ్లు, లేళ్లు, పులులు, నెమళ్లు నిలిచియున్నవి.

మొదటి బొమ్మను 1978వ సంవత్సరమున కొంటిని. ఒక పెండ్లికి నిర్మలకు పోయి, తిరిగి వచ్చునపుడు చుక్కల దుప్పి నొకదానిని తెచ్చి మా నాయనకు చూపితిని. చక్కని రంగు, మెరయు కన్నులు, తలపై కొమ్మలుగల కొమ్ములు, పొట్టక్రింద పాలు త్రాగుచున్న పిల్ల. మా నాయన వ్యవసాయదారుడు. ఒక్కసారి చూచి, “కొమ్ములున్నది పాలిస్తదార?” అని నవ్వెను. దుప్పులలో కొమ్ములు మగదానికే కలవు. అంత అందమైన బొమ్మలో అంత పెద్ద తప్పు ఉండుట చూచి నాకు సిగ్గును, దానివెంట పట్టుదలయు కలిగెను. తప్పులేని దుప్పిని సంపాదింపవలెనని బయలుదేరితిని. ఆ వెదకుటలోనే మిగిలిన జంతువులన్నియు ఇల్లు చేరినవి.

మనకు దాపుననున్న నిర్మలనుండియే మొదలిడుదము. గోదావరి దాటి మంచిర్యాల, లక్షెట్టిపేట, జన్నారము, ఖానాపూరు మీదుగా నిర్మలకు దారి కలదు. ఆ దారి కవ్వాల అడవి నంటియే సాగును. ఆ యడవిని 2012లో పులుల సంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, అడవిదున్న అందు నేటికిని తిరుగుచున్నవి. నిర్మల బొమ్మలలో అడవిజంతువులు విరివిగా నుండుటకు ఈ పొరుగే కారణమని నా యభిప్రాయము. అచటి పనివారిని నకాషీలందురు. ఊరికి ఆ పేరు 17వ శతాబ్దిలో దాని నేలిన నిమ్మనాయుని వలన వచ్చెననియు, ఈ కళ ఆయన ఆదరమున వర్ధిల్లెననియు చెప్పుదురు. 1955లో పనివారొక సహకారసంఘముగా కూడిరి.

వారు వాడునది పొనికి కర్ర. పొనికి మెట్టగుట్టలపై రాళ్లనడుమ పెరుగు చెట్టు. దాని కర్ర మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన, ఉలికి వెన్నవలె లొంగును. కాని పచ్చికర్రలో నీరు మెండు. ఆ నీరంతయు పోవువరకు దానిని ఆరబెట్టవలెను. ఆరిన తరువాత దేహము, కాళ్లు, చెవులు, కొమ్ములు వేరువేరుగా చెక్కి, చింతపిక్కల పిండిలో రంపపుపొడి కలిపిన ముద్దతో అతుకుదురు. ఈ ముద్దకు మక్కు అని పేరు. అతుకులను, గుంటలను మక్కుతోనే పూడ్చి, ఆకురాయితో నునుపుచేసి, తెల్లసుద్ద పూసి, అది ఆరినపిమ్మట రంగులు వేయుదురు. నిర్మల పనివాని గొప్పతనము రంగును ఒకదానిలో నొకటి కలియజేయుటలో నున్నది. లేడివీపున గోధుమవన్నె పొట్టకు వచ్చుసరికి తెలుపగును. ఎక్కడ మారినదో గీత గీసి చూపలేము.

ఇక కృష్ణాతీరమున బెజవాడ దగ్గరనున్న కొండపల్లి. అచటను పొనికికర్రయే, మక్కే, సుద్దయే. పనివారు ఆర్యక్షత్రియులు, తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొందురు. చెక్కకు ముందు కర్రను సన్ననిసెగపై కాచి తేమను తీయుట అచటి పద్ధతి. మేకవెండ్రుకల కుంచెలతో సన్నని గీతలు దిద్దుదురు. ఒకే కర్ర, ఒకే మక్కు అయినను ఈ రెండుచోట్ల జంతువులు ఒక్కటి కావు. నిర్మల దుప్పి అడవిలో ఒంటరిగా నిలిచి చెవి రిక్కించినట్లుండును. కొండపల్లి ఎద్దు బండికి కట్టబడియుండును. ఏనుగుపై అంబారీ యుండును. తాటిచెట్టున కల్లుగీతగా డుండును. కొండపల్లివాడు జంతువును మనుష్యుని సంసారములోనిదిగా చూచెను; నిర్మలవాడు జంతువును జంతువుగానే చూచెను. కావున సహజత్వము కోరువాడు నిర్మలకును, కథ కోరువాడు కొండపల్లికిని పోవలెను. ఒకదాని కొలతతో రెండవదానిని కొలిచి తక్కువచేయుట న్యాయము కాదు. కొండపల్లి యేనుగు కాళ్లు స్తంభములవలె నున్నవని ఒక మిత్రుడు ఆక్షేపించెను. దానిపై రాజు కూర్చుండవలెను గదా, స్తంభములు కాక మరేమి కావలెనని నేనంటిని.

మూడవది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న గ్రామమిది. అచటి కర్ర అంకుడు. దానిని చెక్కరు, తరిణె పట్టుదురు. తరిణెపై కర్ర గిరగిర తిరుగుచుండగా ఉలి ఆనించి గుండ్రని రూపము తీయుదురు. ఆ తిరుగుటలోనే రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తిపట్టినచో, ఒరిపిడివేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిదప మొగలిరేకుతో రుద్ది మెరుగుపెట్టుదురు. ఇచట రంగు పైపూత కాదు, కర్రతో కలిసిన చర్మము. అందుచేత పెచ్చు లూడవు. పసుపు, నీలి మొదలగు చెట్టుచేమల రంగులను లక్కతో కలుపు పద్ధతిని మరల నిలువబెట్టినందులకు ఆ గ్రామమునకు చెందిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించెను. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చెను. తరిణెకు గుండ్రని రూపమే తెలియును గనుక ఏటికొప్పాక జంతువులో కండ, ఎముక, వెండ్రుక కనబడవు. కోడిపెట్ట ఒక బంతిపై మరియొక బంతి. అయినను అది కోడిపెట్టయని ఏడాదిపిల్లవాడు సయితము గుర్తించును. నోట పెట్టుకొను వయసు పిల్లలకు నేనిచ్చు బొమ్మ ఇదియే.

నాలుగవది లోహపుబొమ్మ. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఉషేగాం, కేస్లాగూడ మొదలగు పల్లెలలో ఓజాలను పనివారు కలరు. గోండుల దేవతలకు, పండుగలకు వలయు ఇత్తడి వస్తువులను తరతరములుగా వారే పోతపోయుచున్నారు. పద్ధతి యిది: మట్టితో జంతువు ఆకారము చేయుదురు. తేనెమైనమును దారములుగా తీసి ఆ మట్టిపై చుట్టి, కన్ను, చెవి, గంట, నగ అన్నియు మైనముతోనే తీర్చుదురు. దానిపై మరల మట్టి పూసి, ఒక కంత విడిచి, కాల్చుదురు. మైనము కరగి వెడలిపోవును. అది పోయిన సందులోనికి కరిగిన ఇత్తడిని పోయుదురు. చల్లారినపిదప మట్టిని పగులగొట్టినచో లోపలి జంతువు బయటపడును. ఒక అచ్చు ఒక్క బొమ్మకే చాలును. అచ్చు పగిలిపోవును గనుక అట్టిది మరియొకటి పుట్టదు. ఓజాల యెద్దుపై కనబడు దారపుగీతలు అలంకారము కాదు, మైనపుదారముల జాడ. గీతలు లేక నున్నగా నున్నచో అది వేరుచోట అచ్చుయంత్రమున పోసినదని అనుమానింపుడు. 2018లో ఆదిలాబాదు డోక్రా యను పేరిట ఈ పనికిని భౌగోళిక గుర్తింపు లభించెను.

ఐదవదానిని చెప్పుటకు మీరు నవ్వుదురేమో. అది పొలాల అమావాస్యనాడు మన కుమ్మరి చేసియిచ్చు మట్టియెద్దు. దానికి రంగు లేదు, మెరుగు లేదు, ఏడాది ఆయువు లేదు. కాని మన దేశమున బొమ్మజంతువులలో మిక్కిలి పాతది ఇదియే. సింధునది లోయలోని హరప్పా నాగరకతకాలపు త్రవ్వకములలో, అనగా 4000 సంవత్సరములకు పైబడిన పొరలలో, మట్టియెడ్లు, మట్టిబండ్లు, తలనాడించు మట్టిజంతువులు దొరికినవి. మా అరలలో మొదటి స్థానమున నున్నది మా యూరి కుమ్మరి బ్రొటనవ్రేలితో రెండు నొక్కులు నొక్కి మూపురము తీసిన మట్టియెద్దే. అది చేసిన చేయి ఎడ్లను ఎరిగిన చేయి.

విదేశములలో ఈ పని ఎట్లున్నదో ఒక్క యుదాహరణ చెప్పెదను. జర్మనీదేశమున సాక్సనీ సీమలో ఖనిజపర్వతములను పేరుగల కొండలు కలవు. అందు జైఫెన్ అను గ్రామమున పూర్వము తగరపు గను లుండెడివి. ఖనిజము తరిగిపోగా గనిపనివారు తరిణెపనికి మరలిరి. 19వ శతాబ్ది నడిమికి గనులు మూతపడినవి. వారు కనిపెట్టిన విద్య వింతగా నుండును. తడికర్ర బిళ్లను తరిణెపై కట్టి, లోపల వెలుపల గాళ్లు తీసి, గాజువంటి వలయము చేయుదురు. ఆ వలయమును రొట్టెముక్కలవలె నిలువుగా చీల్చినచో, ప్రతిముక్క కొసను ఒక గుఱ్ఱమో ఆవో కనబడును! ఒక్క వలయమున పదులకొలది జంతువులు. చీల్చువరకు పనివానికి లోపలి జంతువు కనబడదు. చేతికి తెలిసినదే తెలివి. తరువాత చెవులు, కాళ్లు కత్తితో గుండ్రన చేసి రంగు వేయుదురు. నేడు ఆ యూర బొమ్మల ప్రదర్శనశాల కలదు. మన గనులసీమవారికి ఈ కథ వినదగినది. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైబడి పనివా రుండిరి. నేడు సుమారు నలుబదివేలమంది. బొమ్మలు చేసి గోదావరిఖని బ్రతుకునని నేను చెప్పుట లేదు. భూమిలోని సొమ్ము తరుగునపుడు చేతిలోని పని ఎంత విలువగలదగునో గుర్తుచేయుచున్నాను.

మా మనుమడు పట్టణమునుండి తెచ్చినవి ప్లాస్టిక్కు జంతువులు. జర్మనీవారి ష్లైఖ్, ఫ్రాన్సువారి పాపో మొదలగు కంపెనీల జంతువులను పోల్చి చూచి కూర్చువారు పలుదేశములలో కలరట. నేను మొదట తేలికగా చూచితిని. చేత పట్టి చూచినపిమ్మట నా మాట మార్చుకొంటిని. మంచి కంపెనీవారి జంతువులో కండరము కండరముగా, గిట్ట గిట్టగా నున్నది. హీనమైనదానిలో రెండు అచ్చులు కలిసిన గీత వీపుపొడవున తేలియుండును. కంటిరంగు కన్నుదాటి చెంపకు ప్రాకును. అనగా యంత్రమున పుట్టినవానిలోను మేలు కీళ్లు కలవు. చేతిపని యంతయు మంచిది, యంత్రపుపని యంతయు చెడ్డదనుట సోమరితీర్పు.

ఇప్పుడు పరీక్షలు చెప్పెదను. ఇవి ఆరు.

మొదటిది బరువు. పొనికిబొమ్మ చూపునకంటె తేలికగా నుండవలెను. అరచేతిలో పెట్టినపుడు “ఇంతేనా” అనిపింపవలెను. బరువుగా నున్నచో అది వేరుకర్రయో, పచ్చికర్రయో, సున్నపుముద్ద పోతయో యగును. ఇత్తడిబొమ్మకు దీనికి మారుగా చూడవలెను.

రెండవది చప్పుడు. పొట్టను గోటితో తట్టుడు. ఎండినకర్ర పొడిగా టక్కుమనును. తేమకర్ర మొద్దుగా పలుకును. మక్కు విడిన అతుకుదగ్గర చప్పుడు మారును. గనికప్పు నేర్పిన పాఠమిది.

మూడవది అడుగు. నిర్మలలో ఒక ముదుసలి పనివాడు నాకు నేర్పెను: “రంగు చూడకుండ్రి సారూ, అది అందర్ని మోసం జేస్తది. అడుగు చూడుండ్రి.” గిట్టలక్రింద, పొట్టక్రింద, తోకమొదట ఎవరును చూడరు. అచట గూడ ఆకురాయి తగిలి నునుపైయున్నచో ఆ పనివాడు ఎవరును చూడనప్పుడు గూడ పనిచేసినవాడని తెలియును.

నాలుగవది నిలుకడ. సమమైన పలకపై నిలిపి కొనవ్రేలితో త్రోయుడు. నాలుగుకాళ్లును ఒకేసారి నేల తాకవలెను. అడుగున పీట వేసి కాళ్ల కొరతను కప్పిపుచ్చినచో అదియు గమనింపుడు.

ఐదవది జాతి. ఇందు మీకంటె గొప్ప పరీక్షకులు లేరు. మన యేనుగుకు చెవులు చిన్నవి, వీపు ఉబ్బెత్తు, తొండము కొనను ఒకే వ్రేలివంటి మొన. ఆఫ్రికా యేనుగుకు చెవులు చేటలకంటె పెద్దవి, వీపు పల్లము, తొండము కొనను రెండు మొనలు. ఆఫ్రికా చెవులుగల యేనుగుపై అంబారీ కట్టి అమ్ముచుండగా నేను చూచితిని. మన చుక్కల దుప్పికి పెద్దదైనను చుక్కలు పోవు. కణుజునకు చుక్కలు లేవు. నడకను గూడ చూడుడు. ఎద్దు నడచునపుడు ఒకప్రక్క వెనుకకాలు లేచినపిమ్మట అదేప్రక్క ముందుకాలు లేచును. తరువాత రెండవప్రక్క వెనుకకాలు, ముందుకాలు. రేపు మీ పసులు మేతకు పోవునపుడు గమనింపుడు. ఈ వరుస తెలిసి చెక్కినవాడు ఎద్దు వెంట నడచినవాడు.

ఆరవది రంగు. తడిగుడ్డతో ఒకమూల రుద్దుడు. గుడ్డకు రంగు అంటినచో పసిపిల్లకు ఇయ్యకుడు. రంగు అంటనంత మాత్రమున నిర్భయమనియు తలపకుడు. కొన్ని రంగులలో సీసము కలియును. సీసము పసివారి మెదడునకు కీడుచేయును. ఇంతవరకు హానిలేదని చెప్పదగిన మోతాదు దానికి లేదు. అది కంటికి కనబడదు. ఇండ్లకు వేయు రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసము ఉండరాదని 2016లో చేసిన నియమము 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చెను. 2021 జనవరి 1వ తేదీనుండి మన దేశమున అమ్ము బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెనను శాసనము నడచుచున్నది. హస్తకళల శాఖవద్ద పేరు నమోదైన పనివారి బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకును దీనినుండి మినహాయింపు కలదు. కావున యంత్రపుబొమ్మను కొనునపుడు ముద్రను చూడవలెను, చేతిబొమ్మను కొనునపుడు పనివానినే “ఏ రంగు వేసితివి?” అని అడుగవలెను. అడుగుట అవమానము కాదు. మంచి పనివాడు ఈ ప్రశ్నకు సంతోషించును.

ఈ పరీక్ష లన్నియు తెలిసియు నేను మోసపోతిని. ఒక జాతరలో “నిర్మల బొమ్మ” యని చెప్పగా సాయంకాలపు దీపములవెలుతురున ఒక నెమలిని తట్టకయే కొంటిని. ఇల్లు చేరి తట్టగా అది సున్నపుముద్ద పోత. మెడ మూడవనాడు విరిగినది. ఆ నష్టము చిన్నది. పెద్దనష్టము వేరొకటి కలదు. దానిని చెప్పక ఈ ప్రసంగమును ముగించుట కపటమగును.

అడుగు చూడుమని నేర్పిన ఆ నిర్మల ముదుసలివద్ద నేను పదునైదేండ్లు కొంటిని. ప్రతిసారియు బేరమాడితిని. సంతలో సున్నపునెమలి ఇంతకే వచ్చుచున్నదని చెప్పి ధర తగ్గించుచుంటిని. అది నెమలి కాదని నాకు తెలిసియే ఆ మాట చెప్పుచుంటిని. ఒకయేడు ఆయనవద్ద తెచ్చిన పులికి మే నెల యెండలలో ముందుకాలు పగిలి అతుకు విచ్చెను. దానిని పట్టుకొనిపోయి ఎదుటపెట్టి, “ఇదేమి?” అని అడిగితిని. ఆయన పులిని త్రిప్పి చూచి, కోపము లేక ఇట్లనెను: “మీరిచ్చిన పైసలకు ఎన్నొద్దులు ఎండాల్నో కర్ర గన్నొద్దులే ఎండింది సారూ.”

నేను మారుపలుక లేదు. కర్ర ఎండుటకు కాలము కావలెను. ఆ కాలమంతయు పనివాని యిల్లు తినవలెను. ఎండువరకు వేచియుండుటకు వలయు అన్నమును నేను బేరములో కోసివేసితిని. నేను ధరను తగ్గించితిని. ఆయన ఎండను తగ్గించెను. కాలు పగులగొట్టినది నేనే. మరుసటియేడు పోవుసరికి ఆయన లేడు. కొడుకు నిజామాబాదున లారీపని చేయుచున్నాడని పొరుగువారు చెప్పిరి. ఉలులు మూటగట్టి అటుకపై పెట్టియుండెను. ఆ పులిని నేను బాగుచేయింపలేదు. మూడుకాళ్లతోనే నాలుగవ అరలో, అందరికి కనబడుచోట నిలిపితిని.

అయ్యలారా! మంచిదానిని గుర్తింపలేని కొనుగోలుదారునివలన మంచి పనివాడు చెడును. గుర్తించియు వెల యియ్యనివానివలన ఇంకను త్వరగా చెడును. నేను రెండవవాడను. అందుచేత మీకు మూడు మనవులు చేసెదను.

మొదటిది: బొమ్మను కొనునపుడు ఎద్దును కొనినంత శ్రద్ధగా చూడుడు. చెడ్డదానిని వెనుకకిండు. మంచిదైనచో అడిగిన వెల ఇండు. బేరము చెడ్డబొమ్మకు ఆడదగినది, మంచిబొమ్మకు కాదు.

రెండవది: పొనికిచెట్టు. దీనిని నరకుటయే కాని నాటుట తక్కువ. కర్ర దొరకక పనివారు పలుచోట్ల ఇబ్బంది పడుచున్నారు. అది రాతినేలను పెరుగునది. దున్నుటకు పనికిరాని గుట్టవాలు ప్రతి గ్రామమునకు కలదు. వానకాలమున మొక్కలు నాటునపుడు అందు కొన్ని పొనికిమొక్కలు వేయింపుడు. మీరు నాటినదానిని చెక్కువాడు ఇప్పుడు ఉయ్యాలలో నుండవచ్చును.

మూడవది: పొలాల అమావాస్యకు పట్టణమునుండి వచ్చు అచ్చుయెద్దును కొనక, మీ యూరి కుమ్మరినే పిలిచి చేయింపుడు. చేయునపుడు పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుడు. మూపురము ఎట్లు వచ్చెనో వారు చూడవలెను. చూచినపిల్లవాడు తానును ఒకటి చేయును. అది వంకరగా నుండును, నిలువదు. నిలువలేదేమని వాడు కాళ్లవంక చూచును. అచటనే పరీక్ష మొదలగును.

నాకిచ్చిన కాలము ముగిసినది. మొదట చెప్పిన తప్పులేని దుప్పి దొరకినదా యని మీ రడుగవచ్చును. ఏడేండ్లక్రింద దొరకినది. పిల్లకు పాలిచ్చుచున్నది, తలపై కొమ్ములు లేవు, అడుగు నునుపు, తట్టినచో టక్కుమనును. అడిగినవెల అడిగినట్లే యిచ్చితిని. మా నాయన చూడలేకపోయెను.